మురుగు నీళ్ల నుంచి మేయర్ కుర్చీ దాకా: శాన్ ఆంటోనియో పడమటి వాడ

2025 ఆగస్టులో టెక్సస్ చట్టసభ నుంచి యాభై మందికి పైగా డెమొక్రాట్ సభ్యులు రాష్ట్రం దాటి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఇలినాయ్‌లో మకాం పెట్టారు. సభకు కోరం లేకుండా చేయడం వాళ్ల ఉద్దేశం. కొత్త జనాభా లెక్కలకు ఇంకా ఐదేళ్లుండగానే కాంగ్రెస్ నియోజకవర్గాల గీతలు మళ్లీ గీస్తామని రిపబ్లికన్లు పట్టుబట్టడంతో మొదలైన గొడవ అది. రెండు వారాల తర్వాత వాళ్లు తిరిగొచ్చారు, మ్యాప్ పాసైంది, లాటినోల (మెక్సికో, ఇతర లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ల) సంఘాలు కోర్టు మెట్లెక్కాయి.

టీవీలో చూసేవాళ్లకు ఇది రెండు పార్టీల తగాదాగానే కనిపించి ఉంటుంది. శాన్ ఆంటోనియో సంగతి తెలిసినవాళ్లకు మాత్రం గీత ఎక్కడ పడుతుందన్నది పాత ప్రశ్న. ఆ ఊళ్లో వాన పడితే వీధిలో నీళ్లు నిలుస్తాయా, పోతాయా అన్నది కూడా ఒకప్పుడు ఈ గీతల మీదే ఆధారపడింది.

ఏటా సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 వరకు అమెరికాలో హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారు. 1968లో ఒక వారంగా మొదలై, 1988లో నెలగా మారింది. ఆ నెలంతా బడుల్లో, ఆఫీసుల్లో లాటినో నాయకుల ఫొటోలు అంటిస్తారు. అందులో తప్పేం లేదు గానీ, ఆ ఫొటోలన్నీ గెలిచాక తీసినవి. ఈ ఊరి కథలో నాకు నచ్చేది, గెలిచినవాళ్ల వెనక ఓడినవాళ్ల వరస చాలా పొడవుగా ఉండటం.

ముందు ఊరి సంగతి కొంచెం. శాన్ ఆంటోనియో స్పెయిన్ పాలనలో పుట్టి, తర్వాత మెక్సికోలో భాగమైన ఊరు. 1836లో టెక్సస్ మెక్సికో నుంచి విడిపోయింది, తర్వాత అమెరికాలో కలిసింది. అంటే అక్కడి మెక్సికన్ కుటుంబాల్లో చాలావాటికి తాము వలస వచ్చామన్న మాటే కుదరదు. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్లు అనేది అందుకే. టెక్సస్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన హువాన్ సెగీన్ ఆ ఊరికి మేయర్ అయ్యారు. కొత్తగా వచ్చిన తెల్లవాళ్లు ద్రోహి అని ముద్ర వేయడంతో 1842లో ప్రాణభయంతో మెక్సికో పారిపోయారు. ఆయన తర్వాత మళ్లీ ఒక మెక్సికన్ అమెరికన్ ఆ కుర్చీలో కూర్చోవడానికి 139 ఏళ్లు పట్టింది.

ఆ మధ్యకాలంలో మెక్సికన్లంతా ఊరికి పడమటి వైపు చేరారు, చాలామటుకు చేర్చబడ్డారు. పల్లపు నేల, చిన్న చిన్న వాగులు, రేకుల షెడ్లు, మట్టి రోడ్లు. అక్కడి పెద్ద పరిశ్రమ పీకాన్ గింజలు ఒలవడం. పీకాన్ అంటే మన అక్రోటుకు దగ్గరి చుట్టం. గాలి ఆడని గదుల్లో బల్లల చుట్టూ కూర్చుని, గింజ పగలగొట్టి, పప్పు విరగకుండా తీయాలి. గదంతా సన్నని గోధుమరంగు పొడి. క్షయ మరణాలు ఆ ఊళ్లో దేశ సగటుకు రెండింతలు దాటి ఉండేవి. కూలి వారానికి రెండు మూడు డాలర్లు.

1938 జనవరి 31న ఆ కూలిని కూడా కోశారు. పౌనుకు ఆరేడు సెంట్లు ఇచ్చేది ఐదారుకు దింపారు. దాదాపు పన్నెండు వేల మంది పని ఆపి బయటికి వచ్చేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల ముందు నిలబడిన ఎమ్మా తెనాయుకాకు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. టీనేజ్‌లోనే పికెటింగ్‌కి వెళ్లి అరెస్టయిన పిల్ల. కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు కూడా, ఆ సంగతి దాచుకునే మనిషి కాదు. అదే యూనియన్ పెద్దలకు ఇబ్బందైంది. పేరుకు ఆమెను పక్కకు తప్పించి వేరేవాళ్లను ముందు పెట్టారు. పోలీసులు ఏడు వందల మందికి పైగా అరెస్టు చేశారు, బాష్పవాయువు వదిలారు. చివరికి మధ్యవర్తిత్వంలో కూలి కొంత పెరిగింది.

గెలిచారనుకునేలోపే ఆ గెలుపు చేజారింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం గంటకు 25 సెంట్ల కనీస వేతనం చట్టం తెచ్చింది. అంత ఇవ్వడం ఇష్టంలేని కంపెనీలు యంత్రాలు తెచ్చుకున్నాయి. కొన్నేళ్లలో వేలాదిమందికి పనే లేకుండా పోయింది. 1939లో ఎమ్మా ఒక సభ పెట్టబోతే అల్లరిమూక మునిసిపల్ ఆడిటోరియం మీద పడి కుర్చీలు విరగ్గొట్టింది. ఆ తర్వాత ఊళ్లో ఆమెకు ఎవరూ పని ఇవ్వలేదు. ఊరు వదిలిపోయి, 1968లో తిరిగొచ్చి, బడిలో పంతులమ్మగా చేరారు. వారసత్వ మాసం పోస్టర్లలో ఇప్పుడు ఆమె ఫొటో ఉంటోంది. ఊరు వదిలి వెళ్లాల్సి రావడం గురించి ఆ పోస్టర్లు మాట్లాడవు.

సమ్మె చేసిన అంతమందికి ఓటు బలం ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న వస్తుంది. టెక్సస్‌లో అప్పట్లో ఓటు వేయాలంటే పన్ను కట్టాలి, మనిషికి 1.75 డాలర్ల దాకా. పీకాన్ ఒలిచే ఇంట్లో అది వారం కూలిలో పెద్ద ముక్క. రేషన్ కొనాలా, ఓటు కొనాలా అంటే ఎవరేం చేస్తారు? జాతీయ ఎన్నికలకు ఈ పన్ను 1964లో, రాష్ట్ర ఎన్నికలకు 1966లో రద్దయింది. అంతవరకూ లాటినో పౌరుల హక్కుల కోసం పనిచేసే లూలాక్ వంటి సంఘాలు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో 1948లో డాక్టర్ హెక్టర్ గార్సియా పెట్టిన అమెరికన్ జి.ఐ. ఫోరమ్, ఏటా ఊరూరా తిరిగి "పన్ను కట్టండి, ఓటు నిలబెట్టుకోండి" అని ప్రచారం చేసేవి. 1929లో పుట్టిన లూలాక్ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక కోర్టు గురించి చెప్పాలి. శాన్ ఆంటోనియోకి తూర్పున జాక్సన్ కౌంటీలో ఎడ్నా అనే చిన్న ఊరు. 1951లో పీట్ హెర్నాండెజ్ అనే కూలీ ఒక గొడవలో మనిషిని చంపాడు. కేసు చేపట్టినవాళ్లు శాన్ ఆంటోనియో లాయర్లు గస్ గార్సియా, కార్లోస్ కడేనా, ఇంకొందరు మిత్రులు. నేరం జరగలేదని వాళ్లు వాదించలేదు. పాతికేళ్లలో ఆ కౌంటీలో జ్యూరీకి పిలిచిన సుమారు ఆరు వేల మందిలో ఒక్క మెక్సికన్ పేరు కూడా ఎందుకు లేదని అడిగారు. రాష్ట్రం జవాబు తయారుగా ఉంది: చట్టం దృష్టిలో మెక్సికన్లు తెల్లవాళ్లే, జ్యూరీలో ఉన్నదీ తెల్లవాళ్లే, ఇక వివక్ష ఎక్కడిది?

దానికి సాక్ష్యం ఆ కోర్టు భవనంలోనే దొరికింది. అక్కడ మగవాళ్లకు రెండు మరుగుదొడ్లు ఉండేవి. ఒకదాని మీద ఏమీ రాసిలేదు. రెండోదాని మీద ఇంగ్లీషులో "నల్లవారు" అని, దాని కింద స్పానిష్‌లో "ఓంబ్రెస్ ఆకీ", అంటే మగవాళ్లు ఇక్కడ అని రాసి ఉంది. తెల్లవాళ్లేనన్నవాళ్లకు స్పానిష్‌లో వేరే తలుపు చూపించడమేమిటి? సుప్రీంకోర్టు తీర్పులో ఈ మరుగుదొడ్డి బోర్డు ప్రస్తావన ఉంది.

వాషింగ్టన్ వెళ్లడానికి డబ్బు లేక సంఘాలు చందాలు పోగుచేశాయి. కూలీలు నలిగిన డాలరు నోట్లు ఇచ్చారు. అమెరికా సుప్రీంకోర్టులో వాదించిన మొదటి మెక్సికన్ అమెరికన్ లాయర్లు వీళ్లే. టెక్సస్ తండ్రిగా చెప్పుకునే శామ్ హ్యూస్టన్ టెనెసీ నుంచి అనుమతి లేకుండా వచ్చినవాడని, తనవాళ్లు అంతకు వందేళ్ల ముందే అక్కడున్నారని గార్సియా జడ్జీల ముందే అన్నారట. తోటి లాయర్లు చాలాకాలం ఆ మాట చెప్పుకున్నారు. 1954 మే 3న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా వీళ్ల పక్షాన తీర్పిచ్చారు. బడుల్లో నల్లవారి వేర్పాటును కొట్టేసిన ప్రసిద్ధ బ్రౌన్ తీర్పు వచ్చింది ఇంకో రెండు వారాలకు. ఆ హోరులో ఇది మరుగున పడింది. పీట్ హెర్నాండెజ్ రెండోసారి విచారణలోనూ దోషిగానే తేలాడు. అప్పటికే మద్యానికి బానిసైన గస్ గార్సియా 1964లో శాన్ ఆంటోనియో మార్కెట్ దగ్గర ఒక బెంచీ మీద చనిపోయారు.

అదే ఊరి నుంచి వచ్చిన హెన్రీ బి. గొంజాలెజ్ దారి వేరు. 1953లో సిటీ కౌన్సిల్‌లోకి, 1956లో రాష్ట్ర సెనేట్‌లోకి, 1961లో అమెరికా కాంగ్రెస్‌లోకి వెళ్లారు. టెక్సస్ నుంచి దిగువ సభకు వెళ్లిన మొదటి మెక్సికన్ అమెరికన్ ఆయనే. 1957లో బడుల్లో వేర్పాటును కాపాడే బిల్లులు సెనేట్‌కు వచ్చినప్పుడు ఇరవై రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడి అడ్డుపడ్డారు. ముక్కుమీద కోపం కూడా ఎక్కువే. 1986లో, డెబ్బై ఏళ్ల వయసులో, రెస్టారెంట్‌లో తనను కమ్యూనిస్టు అన్నవాణ్ణి కొట్టారు.

ఆయన్ను ఎవరూ తోసిపుచ్చలేరు. కానీ పడమటి వాడ కుర్రాళ్లతో ఆయనకు పడలేదు. 1967లో సెయింట్ మేరీస్ యూనివర్సిటీ చుట్టూ తిరిగే ఐదుగురు కుర్రాళ్లు మాయో అనే సంఘం పెట్టారు. హోసే ఆంహెల్ గుటియెరెజ్, విలీ వెలాస్కెజ్, మారియో కొంపియాన్, ఇంకో ఇద్దరు. చదువుకున్నవాళ్లు, కోపంగా ఉన్నవాళ్లు. బడుల్లో పిల్లల చేత వాకౌట్లు చేయించారు. 1969లో గుటియెరెజ్ నోరు జారి తెల్లవాళ్లను చంపడం గురించి మాట్లాడటంతో గొంజాలెజ్ కాంగ్రెస్ సభలోనే ఈ కుర్రాళ్లను ద్వేషం పెంచేవాళ్లని ఉతికి ఆరేశారు. ఆ సెగ మాల్డెఫ్‌కీ తగిలింది. మాల్డెఫ్ అంటే మెక్సికన్ అమెరికన్ల కోసం కోర్టుల్లో పోరాడటానికి శాన్ ఆంటోనియో లాయర్ పీట్ టిహెరీనా 1968లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో పెట్టిన సంస్థ. ఈ గొడవల తర్వాత దాని ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఫ్రాన్సిస్కోకి మార్చాల్సి వచ్చింది. లాటినో నాయకులు అని ఒకే బుట్టలో వేసి మాట్లాడేవాళ్లకు ఈ ముక్క చెప్పాలి. వాళ్లలో వాళ్లకు ఉన్న తగాదాలు బయటివాళ్లతో ఉన్నవాటికి తీసిపోవు.

1968 మే నెలలోనే ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ నుంచి నాలుగు వందల మంది పిల్లలు బయటికి నడిచారు. పగిలిన కిటికీలు, సరిపడా లేని టీచర్లు వాళ్ల ఫిర్యాదు. తల్లిదండ్రులు ఆరా తీస్తే అసలు లెక్క బయటపడింది. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద భాగం ఆ వాడ ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు కట్టేవాళ్లు, ఊరికి ఉత్తరాన ఉన్న ధనికుల వాడ అలమో హైట్స్‌లో 0.85. పేదలే ఎక్కువ రేటు కడుతున్నారు. అయినా ఎడ్జ్‌వుడ్ పిల్లవాడికి ఏడాదికి అందేది 356 డాలర్లు, అలమో హైట్స్ పిల్లవాడికి 594. ఇళ్ల విలువలే తక్కువైతే రేటు ఎంత పెంచి ఏం లాభం?

కెల్లీ వైమానిక స్థావరంలో రేకు పని చేసే డెమెట్రియో రోడ్రిగెజ్, ఇంకొందరు తల్లిదండ్రులు కేసు వేశారు. కింది కోర్టులో గెలిచి, 1973 మార్చిలో సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, ఇది రాష్ట్రం చూసుకోవాల్సిన వ్యవహారమని మెజారిటీ జడ్జీలు అన్నారు. ఆ ఒక్క ఓటు తేడా అమెరికా బడుల తలరాతను ఈ రోజుకీ నిర్ణయిస్తోందంటే అతిశయోక్తి కాదు.

ఇక గీతల సంగతి. మన మునిసిపాలిటీల్లో వార్డుకో కౌన్సిలర్ ఉంటాడు. కాలువ పూడితే ఎవరింటి ముందుకెళ్లి అరవాలో మనకు తెలుసు. శాన్ ఆంటోనియోలో అప్పట్లో వార్డులే లేవు. కౌన్సిల్‌లో ప్రతి సీటుకూ ఊరంతా ఓటేయాలి. పడమటి వాడ మొత్తం ఒకరికే వేసినా ఉత్తరం వైపు ఓట్లు దాన్ని ముంచేసేవి. 1955 నుంచి గుడ్ గవర్నమెంట్ లీగ్ అనే వ్యాపారుల కూటమి అభ్యర్థుల జాబితా తయారు చేసేది, ఆ జాబితాలో ఉన్నవాళ్లే గెలిచేవాళ్లు. అందులో ఒకరిద్దరు మెక్సికన్ పేర్లూ ఉండేవి, ఎంపిక మాత్రం లీగ్‌ది. 1971లో రోజీ క్యాస్ట్రో అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి, ఇంకో ముగ్గురు కలిసి వాడ బాగు కోసం ఒక కమిటీ పేరుతో పోటీ చేశారు. సొంత వాడలో ఓట్లు పడ్డాయి, ఊరి లెక్కలో అందరూ ఓడారు.

గీతలు లేని ఊళ్లో డబ్బు ఎటు పారుతుందో చెప్పనక్కర్లేదు. కొత్త రోడ్లు, కొత్త కాలువలు ఉత్తరానికి వెళ్లాయి. పడమట వాన పడితే పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో బడికి వెళ్లేవాళ్లు, పెద్ద వాన పడితే ఇళ్లలోకే నీళ్లు వచ్చేవి.

1974కి కాస్త ముందు ఎర్నెస్టో కోర్టెస్ ఊరికి తిరిగొచ్చారు. ఆ ఊరి బిడ్డే. షికాగోలో సాల్ అలిన్‌స్కీ స్థాపించిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్‌లో జనాన్ని కూడగట్టే పని నేర్చుకున్నారు. రాగానే మీటింగు పెట్టలేదు. నెలల తరబడి చర్చి వాళ్లతో, అమ్మల కమిటీలతో, చర్చి సంతలు నడిపే ఆడవాళ్లతో, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడారు. వివక్ష గురించో పోలీసుల గురించో చెబుతారనుకుంటే, అందరి నోటా వచ్చింది మురుగు నీళ్ల మాట. ఆయన గురువుల దగ్గర ఒక ఇనుప నియమం ఉండేది: జనం తాము చేసుకోగలిగిన పనిని వాళ్ల బదులు నువ్వు చేయకు. కాబట్టి సిటీ హాల్‌కి వెళ్లి బడ్జెట్ పుస్తకాలు తిరగేసింది ఆయన కాదు, ఆ ఆడవాళ్లే. తమ వీధి కాలువ 1945 నుంచే ప్లాన్‌లో ఉందని వాళ్లకు అక్కడే తెలిసింది.

ముప్పై ఏళ్లు ప్లాన్‌లో ఉండి కాగితం దాటని కాలువ! ఆగస్టు వరదల తర్వాత సిటీ మేనేజర్‌ను పిలిచి వందలమంది ముందు అడిగితే సరైన జవాబు లేదు. గుంపుగా కౌన్సిల్‌కు వెళ్లారు. మేయర్ చార్లెస్ బెకర్ సొంత మేనేజర్ వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని నిలదీసి, డబ్బు ఎక్కడి నుంచి తెస్తావో చెప్పమన్నారు. నవంబర్‌లో డ్రైనేజీ కోసం సుమారు 4.6 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఆమోదం తెలిపారు. ఆ సంఘం పేరు కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్, పొట్టిగా కాప్స్. పోలీసుల పేరుతో ఆటాడుకోవడం వాళ్ల సరదా.

1975 మొదట్లో వీళ్లు సొంత బడ్జెట్ ఒకటి రాసుకుని, దానికి ఊరి వ్యాపారులు మద్దతివ్వాలని అడిగారు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక రోజు వందలమంది జోస్కీస్ అనే పెద్ద బట్టల షాపులోకి వెళ్లారు. అరవలేదు, నినాదాలు లేవు. ఖరీదైన కోట్లు ఒక్కొక్కటీ వేసుకుని చూశారు, అద్దం ముందు తిరిగారు, విప్పి ఇచ్చేశారు, ఇంకోటి అడిగారు. రోజంతా అంతే. ఎవరూ ఏమీ కొనలేదు, కొనడానికి వచ్చినవాళ్లకు చోటు లేదు. మర్నాడు ఫ్రాస్ట్ బ్యాంకులో క్యూ కట్టారు. నోటు ఇచ్చి పెన్నీ నాణేలు తీసుకోవడం, పక్క క్యూలో నిలబడి ఆ చిల్లర ఇచ్చి మళ్లీ నోటు తీసుకోవడం. చట్టవిరుద్ధం ఏమీ లేదు, మర్యాదకు లోటూ లేదు. నాణేలు లెక్కపెట్టలేక బ్యాంకు వాళ్లు చచ్చారు. వ్యాపారుల సంఘం పెద్దలు మాట్లాడటానికి కూర్చున్నారు.

కాప్స్ మొదటి అధ్యక్షుడు ఆండ్రెస్ సరాబియా కూడా కెల్లీ స్థావరం ఉద్యోగే, రోడ్రిగెజ్ లాగా. ఇది కాకతాళీయం కాదనుకుంటాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాణ్ణి ఊరి పెద్దలు పనిలోంచి తీసేయలేరు. ఎమ్మా తెనాయుకాకు లేనిదీ, వీళ్లకు ఉన్నదీ అదే. సరాబియా తర్వాత బియాట్రిస్ గయేగోతో మొదలుపెట్టి చాలాకాలం ఆడవాళ్లే నడిపారు. బడి కమిటీల్లో, చర్చి సంతల్లో లెక్కలు చూసిన చేతులు. ఎన్నికలప్పుడు అభ్యర్థులను పిలిచి, ఉపన్యాసాలు వద్దు, మా డిమాండుకు అవునో కాదో చెప్పండి అనేవాళ్లు. టైము అయిపోగానే మైకు వెనక్కి. సంఘం మాత్రం ఏ అభ్యర్థినీ తనవాడని ప్రకటించేది కాదు.

అదే 1974లో, అదే ఊళ్లో, విలీ వెలాస్కెజ్ ఇంకో పని మొదలుపెట్టారు. 1966లో పై చదువు వదిలేసి రియో గ్రాండే లోయలో కర్బూజా తోటల కూలీల సమ్మెకు వెళ్లిన మనిషి. మాయోలో మిత్రులు లా రాసా ఉనీదా అని సొంత పార్టీ పెడితే ఆయన ఒప్పుకోక బయటికొచ్చారు. కొత్త పార్టీ పెట్టేముందు ఓటర్ల జాబితాలో మనవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండన్నది ఆయన వాదన. సౌత్‌వెస్ట్ ఓటర్ రిజిస్ట్రేషన్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్ అని పెట్టి, "సు వోతో ఎస్ సు వోస్", మీ ఓటే మీ గొంతు, అనే మాటతో ఊరూరా తిరిగారు.

ఆయన పద్ధతి చూస్తే విసుగ్గా అనిపిస్తుంది, దాని బలమూ అదే. చిన్న ఊరికి వెళ్లడం, అక్కడ ఒకరితో ఒకరికి మాటల్లేని చర్చి వాళ్లనీ యూనియన్ వాళ్లనీ లూలాక్ వాళ్లనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం, వీధుల్ని పంచడం, ఫారాలు నింపడం. జాతీయ రాజకీయాల ఊసు ఎత్తకుండా, మీ వీధికి తారు ఎందుకు వేయలేదని అడగడం. పేర్లు ఎక్కించినా గెలవని చోట మ్యాప్ తీసి చూస్తే, మెక్సికన్ వాడను ముక్కలు చేసి నాలుగు వైపులా పంచి ఉండేది. అప్పుడు మాల్డెఫ్ లాయర్లతో కలిసి కేసు వేసేవాళ్లు. అలా టెక్సస్‌లో పదుల కొద్దీ కౌంటీల గీతలు మారాయి. ఆయన చేతికి అధికారం రాలేదు, అడగనూ లేదు. 1988 జూన్‌లో నలభై నాలుగేళ్లకే కిడ్నీ క్యాన్సర్‌తో పోయారు. 1995లో దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఆయన పేరున ఇచ్చారు.

1975లో ఓటు హక్కుల చట్టాన్ని కాంగ్రెస్ పొడిగించింది. 1965లో నల్లవారి కోసం వచ్చిన చట్టం అది. హ్యూస్టన్ నుంచి ఎన్నికైన నల్లజాతి సభ్యురాలు బార్బరా జోర్డన్, శాన్ ఆంటోనియోలో పుట్టి అప్పటికి మాల్డెఫ్ అధ్యక్షురాలైన విల్మా మార్టినెజ్ వంటివాళ్లు పట్టుబట్టడంతో టెక్సస్ కూడా దాని కిందికి వచ్చింది. ఇంగ్లీషు రానివాళ్లకు వాళ్ల భాషలో బ్యాలెట్ ఇవ్వాలన్న నియమమూ అప్పుడే చేరింది. స్పానిష్‌తో పాటు ఆసియా భాషలకూ అది వర్తిస్తుంది. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇవాళ బెంగాలీలో బ్యాలెట్ దొరుకుతోందంటే దాని వేరు అక్కడుంది. అమెరికాలో ఓటేసే మన భారతీయులకు ఈ సంగతి పెద్దగా తెలిసినట్టు లేదు.

టెక్సస్ ఆ చట్టం కిందికి రావడంతో శాన్ ఆంటోనియోకి లెక్క మారింది. ఎన్నికల గీతలు మార్చాలంటే ఇక ముందే కేంద్రం అనుమతి కావాలి. 1972లో ఆ ఊరు ఉత్తరం వైపు తెల్లవాళ్ల శివార్లను తనలో కలుపుకుంది. దానివల్ల మెక్సికన్ల ఓటు పలచబడుతుందని 1976లో న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. కోర్టుకెళ్లాలా, వార్డులు పెట్టాలా? 1977 జనవరిలో పెట్టిన ఓటింగులో వార్డుల పద్ధతి చాలా తక్కువ తేడాతో నెగ్గింది. కాప్స్ వాళ్లు గడప గడపకూ తిరగకపోతే నెగ్గేది కాదు. కొన్ని నెలలకే ఎన్నికైన పదకొండు మంది కౌన్సిల్‌లో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు, ఒక నల్లజాతీయుడు. గుడ్ గవర్నమెంట్ లీగ్ అప్పటికే చెదిరిపోయింది.

1981లో ముప్పై మూడేళ్ల హెన్రీ సిస్నెరోస్ మేయర్ అయ్యారు, సెగీన్ తర్వాత మొదటిసారి. ఆరేళ్ల క్రితం ఆయన కౌన్సిల్‌లోకి వచ్చింది లీగ్ జాబితా మీదే కావడం తమాషా. తర్వాత క్లింటన్ మంత్రివర్గంలో గృహనిర్మాణ శాఖ చూశారు. ఒక మహిళకు ఇచ్చిన డబ్బు విషయంలో ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పానని 1999లో కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టారు, 2001లో క్షమాభిక్ష దొరికింది. 1971లో ఓడిన రోజీ క్యాస్ట్రోకు 1974లో కవలలు పుట్టారు. హులియన్ 2009లో అదే ఊరికి మేయర్ అయ్యారు, హోకీన్ 2013 నుంచి కాంగ్రెస్‌లో ఉన్నారు.

కాలువలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, లైబ్రరీలు వచ్చాయి. పడమటి, దక్షిణ వాడలకు కాప్స్ తెచ్చిన పనుల విలువ వందల మిలియన్ల డాలర్లు. 1990లో లీవైస్ జీన్స్ ఫ్యాక్టరీ మూతపడి వెయ్యి మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్లు, రోడ్డున పడినప్పుడు ఉద్యోగ శిక్షణ కోసం ప్రాజెక్ట్ క్వెస్ట్ పెట్టించారు. నర్సింగ్ వంటి చదువులకు ఫీజులు, బస్సు ఛార్జీలు కూడా ఇస్తూ అది ఇప్పటికీ నడుస్తోంది. అన్నీ బాగైపోయాయని మాత్రం చెప్పలేం. వార్డు గీత కాలువ తెచ్చింది గానీ జీతం తేలేదు. రోడ్రిగెజ్‌కీ సరాబియాకీ వెన్నెముక ఇచ్చిన కెల్లీ స్థావరం 2001లో మూతపడింది. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు 1984లో రాష్ట్ర కోర్టులో మళ్లీ కేసు వేసి, 1989లో 9-0తో గెలిచారు. తర్వాత చట్టసభ ఒకటి చేయడం, కోర్టు మరొకటి అనడం పాతికేళ్లు సాగింది. 2016లో టెక్సస్ సుప్రీంకోర్టు ఉన్న పద్ధతికే సరే అంది. డెమెట్రియో రోడ్రిగెజ్ అంతకు మూడేళ్ల ముందే చనిపోయారు.

2013లో అమెరికా సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ కేసులో ఇచ్చిన తీర్పుతో, గీతలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఓటు హక్కుల చట్టం నిబంధన పని చేయకుండా పోయింది. 1976లో శాన్ ఆంటోనియోను దారికి తెచ్చిన ఆయుధం అదే. 2020 లెక్కల ప్రకారం టెక్సస్‌లో లాటినోలు 39.3 శాతం, లాటినోలు కాని తెల్లవాళ్లు 39.7 శాతం. 2025 మ్యాప్‌లో శాన్ ఆంటోనియో చుట్టుపక్కల గీతలు కూడా జరిగాయి. నవంబర్‌లో ఎల్ పాసో కోర్టు ఆ మ్యాప్‌ను ఆపింది, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. కేసు పేరు లూలాక్ వర్సెస్ అబాట్. గస్ గార్సియాను వాషింగ్టన్ పంపడానికి నలిగిన నోట్లు పోగుచేసిన సంఘాల్లో లూలాక్ ఒకటి.